బడిలో ఇంటి మాట

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ నేపథ్యం

విద్యార్థి ఇంటి భాషను, ఆచారాలను, అనుభవాలను గుర్తించి, వాటిని ఆధారంగా చేసికొని పాఠం చెప్పడాన్ని విద్యావేత్తలు ‘సంస్కృతికి స్పందించే బోధన’ అంటారు. ఉపాధ్యాయునికి ఉండవలసిన అర్హతలలో, ప్రమాణాలలో దీనిని చేర్చాలా, చేరిస్తే ఆ ప్రమాణాలను ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్నలు దేశదేశాలలో రాజకీయ వాదాలకు దారితీశాయి. తెలుగునాట ఈ వాదం గ్రాంథికం, వ్యావహారికం, మాండలికం, మాధ్యమం అనే వేర్వేరు పేర్లతో నూరేళ్ళకు పైగా సాగుతున్నది. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలను ఉదాహరణగా తీసికొని ఆ వాదంలోని వివిధ పక్షాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నుండి వరంగల్లుకు పోయే రహదారి ఉప్పల్ మీదుగా సాగుతుంది. ఒకప్పుడు నగరం వెలుపల ఉండిన ఈ ప్రాంతం 2007లో బృహత్ హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు నగరంలో కలిసింది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు రంగారెడ్డి జిల్లా నుండి విడివడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో భాగమయింది. ఉప్పల్ రోడ్డు వెంట జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ వంటి గొప్ప పరిశోధనాలయాలు ఉన్నాయి. అక్కడికి కొద్ది దూరంలోనే ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు ఉన్నాయి. ఒకవైపు ప్రయోగశాలలు, మరొకవైపు కర్మాగారాలు. ఈ రెండింటి నడుమ పిల్లల బడులు.

ఈ కారణం చేత ఇక్కడి జనాభా బహువిధమైనది. నల్లగొండ, వరంగల్లు, పాలమూరు పల్లెల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చినవారున్నారు. ఉత్తరాంధ్ర నుండి, రాయలసీమ నుండి వచ్చి స్థిరపడినవారున్నారు. ఒడిశా, బీహారు రాష్ట్రాల నుండి వచ్చి కర్మాగారాలలో, కట్టడాల పనులలో శ్రమించే కుటుంబాలున్నాయి. తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. కేంద్రప్రభుత్వ ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుండి వచ్చినవారున్నారు. వీరందరి పిల్లలు ఉదయం కాగానే పుస్తకాల సంచులు తగిలించుకొని బయలుదేరుతారు. సంచిలోని పుస్తకం అందరికీ ఒక్కటే కావచ్చు. ఇంటి నుండి మోసుకొని వచ్చే భాష మాత్రం ఒక్కటి కాదు.

వెల్లుల్లి బొమ్మ

నాచారం పారిశ్రామికవాడకు చేరువలో ఒక ప్రాథమిక పాఠశాల ఉన్నదనుకొందాము. రెండవ తరగతిలో ఉపాధ్యాయురాలు ఒక బొమ్మ చూపి, “ఇదేమిటి?” అని అడిగింది. పుస్తకంలో ఆ బొమ్మ క్రింద ‘వెల్లుల్లి’ అని ఉన్నది. నల్లగొండ వైపు నుండి వచ్చిన పిల్లవాడు “ఎల్లిగడ్డ” అన్నాడు. కడప జిల్లా నుండి వచ్చిన బాలిక “తెల్లగడ్డ” అన్నది. బీహారు పిల్లవాడు “లహసున్” అన్నాడు. ఒడిశా నుండి వచ్చిన బాలిక “రసుణ” అందామని నోరు తెరిచి, ఇరుగుపొరుగు పిల్లల ముఖాలు చూచి ఊరకున్నది.

ఇప్పుడు ఉపాధ్యాయురాలి ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది, పుస్తకంలోని మాట ఒక్కటే సరియైనదని చెప్పి, తక్కిన వాటిని ఎర్రసిరాతో కొట్టివేయడం. రెండవది, నాలుగు మాటలను నల్లబల్ల మీద వ్రాసి, ఇవన్నీ ఒకే వస్తువుకు పేర్లని చెప్పి, పుస్తకంలో దీనిని వెల్లుల్లి అంటారని నేర్పడం. రెండు మార్గాలలోను పిల్లలు చివరకు ‘వెల్లుల్లి’ అనే మాటనే నేర్చుకొంటారు. కాని మొదటి మార్గంలో ముగ్గురు పిల్లలు తమ తల్లి నేర్పిన మాట తప్పని కూడ నేర్చుకొంటారు. నోరు విప్పని బాలిక మరునాడు కూడ విప్పదు.

సంస్కృతికి స్పందించే బోధన అనగా స్థూలంగా ఈ రెండవ మార్గం. ఇది పండుగల పాటలు పాడించడంతోనో, గోడల మీద బొమ్మలు అతికించడంతోనో పూర్తి అయ్యేది కాదు. పిల్లవానికి తెలిసిన దాని మీద కాలు నిలిపి, తెలియని దానివైపు నడిపించే పద్ధతి ఇది. కర్మాగారంలో పనిచేసే తండ్రి షిఫ్టు వేళలతో గడియారం చూడడం నేర్పవచ్చు. కట్టడపు మేస్త్రీ కొలతలతో పొడవు, వైశాల్యం బోధించవచ్చు. తల్లిదండ్రుల సమావేశాన్ని పనివేళలలో పెట్టినట్లయితే, దినకూలీకి పోయే తల్లి ఆనాటి కూలి కోల్పోవలసి వస్తుందని గ్రహించడం కూడ ఈ బోధనలో భాగమే. ఆమె సమావేశానికి రానందున ఆమెకు బిడ్డ చదువు పట్టలేదని తీర్మానించడం న్యాయం కాదు.

ఇంతవరకు విషయం సుళువుగానే తోస్తుంది. మంచి ఉపాధ్యాయులు ఎవరి ఆదేశం లేకుండానే ఈ పని చేస్తూ వచ్చారు. అయితే ఇది ఉపాధ్యాయులందరికీ ప్రమాణం కావాలా? కాదన్న వారికి ఉద్యోగార్హత లేదనవచ్చునా? ఈ ప్రశ్నలు వచ్చినప్పుడు విషయం తరగతి గది దాటి చట్టసభలకు, న్యాయస్థానాలకు చేరుతుంది.

గిడుగు చూపిన దారి

ఈ మార్గానికి తెలుగువారిలో తొలి ఆదర్శం గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు ఆ పరిసరాల కొండలలో నివసించే సవరల భాష ఆయన దృష్టిని ఆకర్షించింది. ఆ భాషకు అప్పటికి లిఖిత వాఙ్మయం లేదు. రామమూర్తి పంతులు శ్రమించి ఆ భాషను నేర్చుకొన్నారు. సవర పిల్లల కోసం సొంత వ్యయంతో బడులు పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. పిల్లవాడు ఉపాధ్యాయుని భాష నేర్చుకొనడమే లోకరీతి అయిన కాలంలో, ఉపాధ్యాయుడే పిల్లవాని భాష నేర్చుకొన్నాడు.

ఆ అనుభవమే ఆయనను తెలుగు పాఠ్యభాష వైపు మళ్ళించింది. నిత్యవ్యవహారంలో లేని గ్రాంథికభాషలో పిల్లలు చదువవలసి రావడం వారికి భారమని ఆయన వాదించారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు దానిని తీవ్రంగా ఎదిరించారు. ప్రాచీన సాహిత్యంతో సంబంధం తెగిపోతుందని, ప్రాంతానికొక భాష తయారై తెలుగు ముక్కలవుతుందని వారి భయం. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికవాదులకు వేదిక అయింది. పరీక్షలో విద్యార్థి ఏ భాషలో వ్యాసం వ్రాయాలన్న విషయం మద్రాసు ప్రభుత్వం దాకా పోయింది. ఆధునిక భాషలో వ్రాయడానికి తొలుత లభించిన వెసులుబాటు కొద్దికాలంలోనే రద్దయింది. రామమూర్తి పంతులు వెనుదీయలేదు; 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నెలకొల్పి తమ వాదాన్ని కొనసాగించారు. కాలక్రమంలో బడి పుస్తకాలు శిష్ట వ్యావహారికంలోనికి మారాయి. నేటి పాఠ్యపుస్తకాల భాష ఆ ఉద్యమ ఫలితమే.

అయితే ఈ విజయంలోనే మరొక సమస్యకు బీజం పడింది. శిష్ట వ్యావహారికమన్నది ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల వాడుక మీద నిలిచింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆ భాషే రాష్ట్రమంతటి పాఠ్యభాష అయింది. తెలంగాణ పిల్లవాడు దారిని ‘తొవ్వ’ అని, వెల్లుల్లిని ‘ఎల్లిగడ్డ’ అని వ్రాస్తే తప్పుగా లెక్కకు వచ్చింది. ఈ అవహేళనను కవి కాళోజీ నారాయణరావు (1914–2002) జీవితాంతం ప్రశ్నించారు. తెలంగాణ రాష్ట్రోద్యమంలో నీళ్ళు, నిధులు, నియామకాలతో పాటు భాషకు జరిగిన అవమానం కూడ ఒక ప్రధాన వేదనగా నిలిచింది. 2014లో రాష్ట్రం ఏర్పడిన పిమ్మట కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది. పాఠ్యపుస్తకాలలో ఈ ప్రాంతపు రచయితలకు, చరిత్రకు, బతుకమ్మ, బోనాలు వంటి పండుగలకు చోటు పెరిగింది.

చరిత్ర నేర్పే పాఠం ఒకటి ఉన్నది. ఒకనాడు బయట నిలిచినవారి కోసం తెరిచిన తలుపు, మరునాడు మరికొందరి ముందు మూతపడవచ్చు. గ్రాంథికం స్థానంలో వ్యావహారికం వచ్చినప్పుడు తెలంగాణ పలుకు బయట నిలిచింది. తెలంగాణ పలుకు లోపలికి వచ్చిన నాడు గోండి, కోయ, ఉర్దూ, ఒడియా పిల్లల మాట ఏమయింది అన్న ప్రశ్న మిగిలింది. గోండి, కోయ భాషలలో నీటిని ‘ఏర్’ అంటారు. తెలుగులో ‘ఏరు’ అనగా ప్రవాహం. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయునికి అది పాఠానికి చక్కని ఆధారం. తెలియని ఉపాధ్యాయునికి అది పిల్లవాని తప్పు. ఈ లోటు తీర్చడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం ప్రారంభించారు. ఆ భాషల వాచకాలను తెలుగు లిపిలో తయారుచేశారు.

చట్టం ఏమంటున్నది?

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. ఇది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాష కావాలని దాని 29వ సెక్షన్ పేర్కొన్నది. ప్రతి విద్యార్థి అభ్యసన శక్తిని అంచనా వేసి అవసరమైన అదనపు బోధన చేయడం, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం కావడం ఉపాధ్యాయుని విధులని 24వ సెక్షన్ నిర్దేశించింది. బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం అప్పటికే సూచించి ఉన్నది. 2020 జాతీయ విద్యావిధానం మరొక అడుగు ముందుకు వేసి, ఉపాధ్యాయులకు జాతీయ వృత్తి ప్రమాణాలు రూపొందించాలని ప్రతిపాదించింది.

చట్టం మాట ఇది. ఆచరణలో ఉపాధ్యాయుని యోగ్యతను కొలిచే సాధనం ఏది? 2010 నుండి ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అనగా టెట్, అమలులోనికి వచ్చింది. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుల పరీక్షలో 150 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 30 శిశు వికాసం, బోధనా పద్ధతులకు సంబంధించినవి. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. ‘భిన్న సంస్కృతుల పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయుడు ఏమి చేయాలి?’ అన్న ప్రశ్నకు నాలుగింటిలో సరియైన సమాధానాన్ని గుర్తించడం కష్టం కాదు. ఆ సమాధానాన్ని గుర్తించిన ఉపాధ్యాయుడు, నోరు విప్పని ఒడియా బాలికను పలకరిస్తాడా లేదా అన్నది ఏ పరీక్షాపత్రమూ చెప్పజాలదు.

అమెరికాలో ఒక వాదం

ఇటువంటి ప్రమాణాల మీద వాదం తెలుగునాటికే పరిమితం కాదు. అమెరికాలో గ్లోరియా లాడ్సన్–బిల్లింగ్స్ 1990లలోను, జెనీవా గే 2000లోను తమ రచనల ద్వారా ఈ బోధనా భావనకు ప్రాచుర్యం కల్పించారు. ఇల్లినాయి రాష్ట్ర విద్యామండలి ఉపాధ్యాయ శిక్షణకు ఈ రకమైన ప్రమాణాలను రూపొందించగా, 2021 ఫిబ్రవరిలో చట్టసభల సంయుక్త సంఘం ముందు పెద్ద చర్చ జరిగింది. శ్వేతజాతేతర విద్యార్థులు పెరుగుతున్న బడులలో ఉపాధ్యాయులు తమ పక్షపాతాలను తాము గుర్తించుకొనడం అత్యవసరమని సమర్థకులు వాదించారు. ఇది ఒక రాజకీయ దృక్పథాన్ని ఉపాధ్యాయుల మీద రుద్దడమేనని వ్యతిరేకులు అన్నారు. ముసాయిదాలోని ‘ప్రగతిశీల’ అన్న పదం మీదనే వివాదం చెలరేగి, దాని స్థానంలో అందరినీ కలుపుకొనే అన్న అర్థం గల పదాన్ని చేర్చవలసివచ్చింది. చివరకు సంఘం ఆ ప్రమాణాలను అడ్డుకొనలేదు.

తల్లిదండ్రుల పక్షం

తెలుగునాట ఈ వాదానికి మరొక ముఖం ఉన్నది. నాచారంలో ఒక కార్మికుని, “మీ బిడ్డకు మీ భాషలో పాఠం చెప్పమందురా?” అని అడిగినట్లయితే, “మా భాష మా ఇంట్లో ఉన్నది, బడిలో ఇంగ్లీషు చెప్పండి” అని బదులు రావచ్చు. ఈ కోరికను తక్కువగా చూడరాదు. కర్మాగారం గేటు వద్ద నిలబడే తండ్రికి, లోపల అద్దాల గదిలో కూర్చున్నవారు ఏ భాషలో మాట్లాడుతారో తెలుసు. ధనికుల పిల్లలకు ఇంగ్లీషు ఇచ్చి, పేదల పిల్లలకు మాతృభాషా మహత్త్వం చెప్పడం అన్యాయమని కంచ ఐలయ్య వంటి దళిత బహుజన మేధావులు ఎంతోకాలంగా వాదిస్తున్నారు.

ప్రభుత్వాల నిర్ణయాలు ఈ కోరిక వైపు మొగ్గాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేయగా, ప్రభుత్వం సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పిల్లలు ఏ మాధ్యమంలో చదవాలన్నది వారి తరఫున తల్లిదండ్రులు ఎంచుకోవలసిన విషయమని, రాజ్యం మాతృభాషను బలవంతంగా విధించరాదని సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనం 2014లో కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యంలో తీర్పు చెప్పి ఉన్నది. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం అన్ని బడులలోను పదవ తరగతి వరకు తెలుగును దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. అదే రాష్ట్రం 2022–23లో ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని విస్తరించి, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలను పంచింది.

2018 చట్టం ఉప్పల్ వంటి ప్రాంతాలలో ఒక చిక్కు తెచ్చింది. దేశం నలుమూలల నుండి వచ్చినవారి పిల్లలు, తెలుగు ఇంటి భాషగా గల పిల్లలతో సమానంగా తెలుగు చదవడం ఎట్లా? దీనికి సమాధానంగా మాతృభాష తెలుగు కాని వారి కోసం ‘వెన్నెల’ అనే సులభ వాచకం సిద్ధమయింది. సీబీఎస్ఈ తదితర బోర్డుల పాఠశాలలలో పై తరగతులకు కూడ దానినే బోధించాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ఒకే గమ్యం, వేరువేరు మెట్లు అన్న సూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

ఉపాధ్యాయుల పక్షం

వాదంలో మూడవ పక్షం ఉపాధ్యాయులది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చున్న చోట, ఒకే ఉపాధ్యాయుడు అన్ని విషయాలు చెప్పవలసిన చోట, ఐదు భాషల పిల్లలకు స్పందించమనడం కాగితం మీద సులభం. ఎన్నికల పనులు, జనాభా లెక్కల పనులు దీనికి తోడు. శిక్షణ, వ్యవధి, తగినన్ని పోస్టులు ఇవ్వకుండా ప్రమాణాలు మాత్రమే విధించినట్లయితే అవి ఉపాధ్యాయుని దోషిగా నిలబెట్టే సాధనాలవుతాయని వారి ఆందోళన. తనిఖీ అధికారి వచ్చిననాడు గోడ మీద నాలుగు భాషల పట్టిక వేలాడుతుంది. మరునాడు దానిని మడిచి బీరువాలో పెడతారు.

నాలుగవ అభ్యంతరం మరింత సూక్ష్మమైనది. పిల్లవాని సంస్కృతి ఏది? దానిని ఎవరు నిర్ణయిస్తారు? బీహారు నుండి వచ్చిన పిల్లవాడు నాచారంలోనే పుట్టి పెరిగి, బోనాల డప్పుకు అడుగు కదిపేవాడు కావచ్చు. అతనిని ఛఠ్ పండుగ గురించి మాత్రమే చెప్పమని పదేపదే నిలబెడితే, అది గౌరవం కాదు, గిరి గీయడం. ఊరిని బట్టి, కులాన్ని బట్టి, మతాన్ని బట్టి పిల్లవాని శక్తిని ముందుగానే అంచనా వేయడం ఈ బోధన పేరుతో జరుగరాని పని. ఆ పిల్లవాడు ఎవరో తెలిసికొనడానికి ఉత్తమమైన మార్గం అతనినే అడగడం.

సమన్వయం

ఈ నాలుగు పక్షాలను పరిశీలించినప్పుడు, వాటి మధ్య పైకి కనిపించినంత వైరం లేదని తెలుస్తుంది. ఇంగ్లీషు కోరే తండ్రి బిడ్డను అవమానించమని కోరడం లేదు. ఇంటి భాషను గౌరవించమనే విద్యావేత్త పిల్లవానిని ఇంటిలోనే ఉంచమనడం లేదు. ఇంటి మాట పునాది. ప్రమాణభాష, ఇంగ్లీషు దాని మీద లేచే అంతస్తులు. పునాది లేని అంతస్తు నిలువదు. అంతస్తు లేని పునాదిలో ఎవరూ నివసింపలేరు. వివాదం నిజానికి భాషల మధ్య కాదు. ఆ నిర్మాణపు భారాన్ని ఎవరు మోయాలన్న దాని మీద. ఇంతవరకు ఆ భారాన్ని అధికంగా మోసినవారు ఏడెనిమిదేళ్ళ పిల్లలు.

కనుక ఉపాధ్యాయునికి ప్రమాణం ఉండవలసిందే. అది చిన్నదిగా, స్పష్టంగా, ఆచరణీయంగా ఉండాలి. తన తరగతిలోని పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతారో తెలిసి ఉండడం. పిల్లవాని ఇంటి మాటను తప్పుగా కాక మరొక మాటగా స్వీకరించడం. యాసను చూచి నవ్వకపోవడం, నవ్వనీయకపోవడం. ఏ పిల్లవాని విషయంలోను గమ్యాన్ని తగ్గించకపోవడం. ఈ నాలుగింటికి పెద్ద ధనవ్యయం అక్కరలేదు. అయితే ఉపాధ్యాయునికి ప్రమాణం ఉన్నట్లే ప్రభుత్వానికి కూడ ప్రమాణం ఉండాలి. శిక్షణ, తగిన సంఖ్యలో ఉపాధ్యాయులు, పలు భాషల వాచకాలు సమకూర్చనిదే మొదటి ప్రమాణం గురించి అడిగే అధికారం రెండవవారికి ఉండదు.

నాచారం బడిలోని ఆ తరగతికి మరల వెళ్ళినట్లయితే, ఉపాధ్యాయురాలు రెండవ మార్గాన్నే ఎంచుకొన్నదనుకొందాము. నోరు విప్పని బాలిక దగ్గరకు వెళ్ళి, “మీ ఇంట్లో దీనిని ఏమని పిలుస్తారమ్మా?” అని అడిగింది. బాలిక నేలచూపులు చూస్తూ, “రసుణ” అన్నది. ఆ మాట నల్లబల్ల మీదికి ఎక్కింది. తరగతి అంతా ఒకసారి ‘రసుణ’ అని పలికింది. అటు తరువాత ఆ బాలిక, ఎవరూ అడుగకుండానే, “వెల్లుల్లి” అన్నది.

కఠిన పదాలకు అర్థాలు

బ్రతుకుతెరువు = జీవనోపాధి
ప్రభృతులు = మొదలైనవారు
వాఙ్మయం = సాహిత్యం
వెసులుబాటు = సౌకర్యం, సడలింపు
వెనుదీయు = వెనుకకు తగ్గు
అవహేళన = ఎగతాళి
మాధ్యమం = బోధనకు సాధనమైన భాష
అభ్యసనం = నేర్చుకొనడం
ముసాయిదా = చిత్తుప్రతి
వ్యాజ్యం = న్యాయస్థానంలోని దావా
గిరి గీయు = హద్దు ఏర్పరచు
సమన్వయం = పొందిక

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘సంస్కృతికి స్పందించే బోధన’ అనగానేమో పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. ఉపాధ్యాయ ప్రమాణాల విషయంలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల వాదాలను సమీక్షించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చేసిన సేవను తెలపండి.
2. శిష్ట వ్యావహారికం విజయంలోనే మరొక సమస్యకు బీజం పడిందని అనడానికి కారణమేమి?
3. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికి నిర్దేశించిన విధులేవి?
4. ‘వెన్నెల’ వాచకం అవసరమేమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గోండి, కోయ భాషలలో ‘ఏర్’ అనగానేమి?
2. ‘తెలుగు’ పత్రిక ఏ సంవత్సరంలో ప్రారంభమయింది?
3. తెలంగాణ భాషా దినోత్సవం ఎవరి జయంతినాడు జరుపుతారు?
4. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఏ సవరణ ద్వారా చేరింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఉపాధ్యాయుడే పిల్లవాని భాష నేర్చుకొన్నాడు.
2. మా భాష మా ఇంట్లో ఉన్నది; బడిలో ఇంగ్లీషు చెప్పండి.
3. అది గౌరవం కాదు, గిరి గీయడం.

V. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఏమని = ఏమి + అని – ఇకార సంధి
తల్లిదండ్రులు = తల్లి + తండ్రి – గసడదవాదేశ సంధి

VI. సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
ఎర్రసిరా = ఎర్రనైన సిరా – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నూరేళ్ళు = నూరు సంఖ్యగల ఏళ్ళు – ద్విగు సమాసం
నేలచూపులు = నేల వైపు చూపులు – తత్పురుష సమాసం

VII. భాషాకృత్యం
మీ తరగతిలోని విద్యార్థులు ఇంట్లో వాడే పదాలలో, పాఠ్యపుస్తకంలోని పదాలకు భిన్నమైన వాటిని ఇరవై సేకరించండి. ఏ పదం ఏ ప్రాంతానికి లేదా ఏ భాషకు చెందినదో పట్టికగా వ్రాసి తరగతిలో ప్రదర్శించండి.